కోయాలా, వద్దా? పశురోగ నివారణ చదువులోని అసలు చిక్కుముడి

తొలకరి వానలు పడి, పడావు భూముల్లో పచ్చిగడ్డి మొలిచిన రెండు మూడు వారాలకు వరంగల్ జిల్లాలోని వర్ధన్నపేట, పర్వతగిరి ప్రాంతాల పశువైద్యులకు తరచూ ఒకే తీరు కబురు వస్తుంది. రాత్రి దొడ్డిలోకి తోలిన మందలో తెల్లవారేసరికి మూడు నాలుగు గొర్రెలు చచ్చిపడి ఉంటాయి. “నిన్న మాపటిదాక మంచిగనే మేసినయ్ సారూ, పొద్దుగాల జూస్తే కాళ్లు జాపి ఉన్నయ్” అని కాపరి చెబుతాడు. చనిపోయినవి బక్కచిక్కినవి కావు, మందలో కండపట్టినవే. డాక్టరు వెంట వచ్చిన ఇంటర్న్‌షిప్ విద్యార్థిని ఆ దొడ్డి ముందు నిలబడి అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కళేబరాన్ని కోసి చూడాలా, కోయకూడదా?

పశువైద్య విద్యలో రోగాలను గుర్తించడం, వాటిని నివారించడం అనే రెండు పనులు ఎంతగా ముడిపడి ఉన్నాయో, ఆ ముడి బయటివారికి ఎందుకు కనిపించదో చెప్పడానికి ఈ ప్రశ్నను మించిన ఉదాహరణ నాకు తోచలేదు. అందుకే ఈ వ్యాసాన్ని ఆ దొడ్డి దగ్గరి నుంచే మొదలుపెడుతున్నాను.

ఉన్నట్టుండి గొర్రెలు చనిపోవడానికి ఆ కాలంలో కనీసం నాలుగు కారణాలను అనుమానించాలి. మొదటిది చిటుక రోగం. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం అనే సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనే కొద్ది సంఖ్యలో ఉంటుంది. ఎండిన మేత మీద బతికిన గొర్రె ఒక్కసారిగా లేత పచ్చికను కడుపారా మేసినప్పుడు, పూర్తిగా జీర్ణం కాని పిండిపదార్థం చిన్నపేగులోకి దిగుతుంది. ఆ సూక్ష్మజీవి దాని మీద విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. బాగా మేసే గొర్రె ముందు చనిపోవడానికి కారణం ఇదే. రెండోది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్. మూడోది నాము: వాన ముఖం చాటేసి గిడసబారిన లేత జొన్నలో పేరుకునే పదార్థం పశువు కడుపులో సైనైడ్‌గా మారి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. నాలుగోది రోగమే కాదు, పిడుగుపాటు. చెట్టు కింద గుంపుగా పడి, నోట్లో ఇంకా నమలని గడ్డి ఉన్న కళేబరాలు కనిపిస్తే దానినీ గుర్తుంచుకోవాలి.

చిటుక రోగమని తేల్చాలంటే కోయాలి. అది కూడా త్వరగా కోయాలి. ఆ రోగంలో మూత్రపిండాలు గుజ్జులా మెత్తబడతాయని పుస్తకం చెబుతుంది. అయితే చనిపోయి ఎక్కువ సేపైన ఏ గొర్రె మూత్రపిండాలైనా, ముఖ్యంగా వానాకాలపు ఉక్కపోతలో, అలాగే మెత్తబడతాయి. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి కోసి చూసిన మూత్రపిండం సాక్ష్యంగా నిలవదు. మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర ఉందేమో పట్టీతో పరీక్షించాలి. పేగులోని ద్రవాన్ని తీసి, కొన్ని చుక్కల క్లోరోఫామ్ కలిపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపాలి.

దొమ్మ రోగమైతే కోయనే కూడదు. బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే ఆ సూక్ష్మజీవి కళేబరం మూసి ఉన్నంతకాలం లోపలి కుళ్లుకు తట్టుకోలేక కొద్ది రోజుల్లో నశిస్తుంది. కత్తి పెట్టి తెరిస్తే, గాలిలోని ఆక్సిజన్ తగిలి గట్టి పెంకు వంటి సిద్ధబీజాలుగా మారుతుంది. ఆ సిద్ధబీజాలు నేలలో దశాబ్దాలపాటు చావకుండా ఉండగలవు. అంటే రోగాన్ని తెలుసుకుందామని చేసిన ఒక్క కోత, ఆ మేతభూమిని విద్యార్థిని ఉద్యోగ విరమణ నాటికి కూడా శుభ్రం కానంతగా కలుషితం చేయవచ్చు. అందుకే ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతోందా, శరీరం సరిగ్గా బిగుసుకోకుండానే ఉబ్బిపోయిందా అన్నది ముందు చూడాలి. ఏ కాస్త అనుమానం ఉన్నా చెవి సిర నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద పూసి, గాయాన్ని మూసి, పాలీక్రోమ్ మెథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. నీలి కడ్డీల్లాంటి కణాల చుట్టూ గులాబీ రంగు పొర కనిపిస్తే కత్తి సంచిలోకి వెళ్లిపోవాలి. అప్పుడిక కళేబరాన్ని కాల్చివేయడమో, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చడమో చేయించాలి. తోలు ఒలవకుండా, మాంసం పంచుకోకుండా ఊరివాళ్లను ఒప్పించాలి. ఈ చివరి పనిని ఏ పరీక్షలోనూ అడగరు. కానీ అన్నిటికంటే కష్టమైనది అదే. పదివేల రూపాయల గొర్రె చచ్చి పడి ఉంటే, కనీసం మాంసమైనా దక్కుతుందని ఆశపడే కుటుంబానికి ఆ మాంసాన్ని పట్టుకున్న చేతికే పుండు లేస్తుందని నమ్మకం కలిగించాలి.

ఒక్క నిర్ణయంలో ఎన్ని శాస్త్రాలు కలిశాయో చూడండి. కణం ఎలా ఉంటుందో సూక్ష్మజీవశాస్త్రం చెప్పింది. అవయవంలో మార్పు ఎలా ఉంటుందో వ్యాధివిజ్ఞానం చెప్పింది. జొన్నలో విషం గురించి ఔషధ, విష శాస్త్రంలో చదివింది. పచ్చిక మేపు సంగతి పోషణశాస్త్రంలో ఉంది. మనిషికి సోకే ప్రమాదం ప్రజారోగ్యంలో ఉంది. నాలుగున్నర సంవత్సరాల తరగతులు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ కలిపి అయిదున్నర సంవత్సరాలు సాగే బి.వి.ఎస్సీ అండ్ ఎ.హెచ్. అనే పశువైద్య పట్టా చదువులో ఇవన్నీ వేర్వేరు విభాగాలు, వేర్వేరు పరీక్షలు, వేర్వేరు గదులు. రాజేంద్రనగర్‌లోనైనా, కోరుట్లలోనైనా, మామునూరులోనైనా పాఠ్యక్రమం భారత పశువైద్య మండలి నిర్దేశించిన ప్రమాణాల ప్రకారమే నడుస్తుంది. ఆ విభజన తప్పని నేను అనను, పునాది అలాగే వేయాలి. కానీ విడివిడిగా నేర్చుకున్న వాటిని ఒకే దొడ్డి ముందు కలిపి ఆలోచించడం అనే మరో విద్య ఉంది. దాని కోసం ప్రత్యేకంగా సమయం కేటాయించకపోతే, విద్యార్థికి ప్రతి రోగం గురించి తెలిసి ఉండి కూడా ఎదురుగా ఉన్న రోగం ఏదో తెలియకుండా పోతుంది.

రెండో చిక్కు దీనికంటే లోతైనది. ఆసుపత్రిలో విద్యార్థి చూసేది ఒక పశువును: జ్వరం ఎంత, నాడి ఎంత, ఏ మందు, ఎంత మోతాదు అని. నివారణలో మాత్రం రోగి పశువు కాదు, మంద. పై ఉదాహరణలో చిటుక రోగమని తేలిందనుకుందాం. చనిపోయిన నాలుగు గొర్రెలకు చేయగలిగింది ఏమీ లేదు. జబ్బుపడ్డ అయిదో గొర్రెకు చేసే వైద్యం కూడా చాలాసార్లు ఫలించదు. మిగిలిన ఎనభై గొర్రెల సంగతే అసలు సమస్య. వాటికి వెంటనే టీకా వేయాలని అందరికీ తోస్తుంది, వేయాలి కూడా. కానీ టీకా వేసిన వెంటనే రక్షణ పుట్టదు, శరీరం ప్రతిరక్షకాలను తయారు చేసుకోవడానికి వారాలు పడుతుంది. ఇంతకుముందు ఎన్నడూ వేయని మందకైతే రెండు మూడు వారాల తరువాత రెండో మోతాదు కూడా కావాలి. ఈలోగా మందను కాపాడేది మేపు మార్చడం ఒక్కటే. లేత పచ్చికలో మేసే సమయం తగ్గించి, ముందు కొంత ఎండుమేత వేసి, కడుపు సగం నిండాక తోలాలి. ఇంకా వెనక్కి వెళ్తే, ఈ టీకా తొలకరికి ముందే, గడ్డి ఎండి ఉన్న వేసవిలోనే పడి ఉండాలి. నివారణ వైద్యుడి చేతిలో మందుసీసా కంటే ముందు పంచాంగం ఉండాలని నేను అనడం అందుకే.

పంచాంగం కూడా అన్ని రోగాలకు ఒకటి కాదు. రోగకారకం ఎక్కడ కాపురం ఉంటుందో దాన్ని బట్టి నివారణ మారుతుంది. చిటుకలో అది గొర్రె పేగులోనే ఉంది కనుక మందను వేరుచేసి ప్రయోజనం లేదు. దొమ్మ, జబ్బవాపు రోగాల్లో అది నేలలో ఉంది. అక్కడ గతంలో ఏ ఊళ్లో, ఏ చెలకలో రోగం వచ్చిందో రాసిపెట్టుకున్న రికార్డే మొదటి ఆయుధం. గొర్రెల నీలి నాలుక వ్యాధిని క్యూలికాయిడ్స్ అనే కంటికి ఆనీ ఆనని చిన్న దోమజాతి ఈగలు మోస్తాయి. వానలు కురిసి, బురద నిలిచి, చలి మొదలయ్యే దాకా వాటి రాజ్యం. కాబట్టి జబ్బుపడ్డ గొర్రెను పక్కన కట్టేసినా ఈగ ఆగదు. ఇక వరంగల్ నేలకు ప్రత్యేకంగా చెప్పవలసింది కార్జపు జలగ, అంటే పశువు కాలేయంలో చేరే పరాన్నజీవి. కాకతీయుల కాలం నుంచి ఉన్న చెరువుల శిఖాల్లో, అంటే నీరు తగ్గాక బయటపడే నేలల్లో, వేసవిలో పచ్చగా ఉండేది ఆ కాస్త నేలే కనుక బర్రెలు, గొర్రెలు అక్కడే మేస్తాయి. జలగ పిల్లదశలు పెరిగే నత్తలు ఉండేదీ అక్కడే. ఏటా నట్టల నివారణ మందు తాగించడం మంచిదే, కానీ తాగించిన మర్నాడే మందను అదే శిఖంలోకి తోలితే జలగ చక్రం మళ్లీ మొదటికి వస్తుంది.

పశువు నుంచి పశువుకు అంటే రోగాల దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఈ భాగాన్ని విద్యార్థులు అర్థం చేసుకోవడానికి ఒక గెలుపును, ఒక పోరాటాన్ని పక్కపక్కన పెట్టి చూడటం మంచి దారి.

గెలుపు ముసర వ్యాధి మీద వచ్చింది. రిండర్‌పెస్ట్ అని పుస్తకాల్లో పిలిచే ఈ రోగమే ఒక రకంగా పశువైద్య విద్యకు పుట్టుక ఇచ్చింది. ఐరోపాలో పశువుల మందలు తుడిచిపెట్టుకుపోతుంటే 1761లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో క్లాడ్ బూర్గెలా పశువైద్య పాఠశాల పెట్టడానికి అనుమతి పొందాడు. మన దేశంలో 1889లో పుణెలో మొదలై, తరువాత ముక్తేశ్వర్‌కు మారిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ, అంటే నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థ, పని చేసిన ముఖ్య రోగాల్లో ఇదొకటి. భారతదేశంలో చివరి కేసు 1995లో నమోదైంది. 2006లో దేశానికి ఆ రోగం నుంచి విముక్తి గుర్తింపు దక్కింది. 2011లో ప్రపంచం మొత్తం మీద అది అంతమైనట్టు ప్రకటించారు. మశూచి తరువాత మానవజాతి పూర్తిగా నిర్మూలించిన రెండో రోగం ఇదే.

పోరాటం గాలికుంటుతో ఇంకా నడుస్తోంది. ముసరను గెలిచిన పద్ధతితోనే దీన్ని ఎందుకు గెలవలేకపోయామన్నది మంచి విద్యార్థి అడిగే ప్రశ్న. ముసర వైరస్‌కు ఒకే సీరోటైప్ (ఉపరకం) ఉంది, ఒక్క టీకా దాదాపు జీవితకాలం కాపాడింది, కోలుకున్న పశువు వైరస్‌ను మోసుకుని తిరగలేదు. గాలికుంటు వైరస్‌కు ఏడు సీరోటైపులున్నాయి. ఒకదానికి వచ్చిన రక్షణ మరొకదానికి పనికిరాదు కనుక మన దేశంలో వాడే టీకాలో ఓ, ఎ, ఏషియా-1 అనే మూడింటిని కలపాలి. రక్షణ కొన్ని నెలలే ఉంటుంది కనుక ఆరు నెలలకోసారి వేయాలి. కోలుకున్న పశువుల్లో కొన్ని గొంతులో వైరస్‌ను నెలల తరబడి దాచుకుంటాయి. అది ఆవులు, బర్రెలు, గొర్రెలు, మేకలు, పందులతో పాటు అడవి జంతువులకూ సోకుతుంది. ఏటూరునాగారం అడవి అంచు ఊళ్లలో మేతకు వెళ్లే పశువుల విషయంలో ఇది మరువరాని సంగతి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం గాలికుంటును టీకాతో అదుపులోకి తెచ్చి, 2030 నాటికి నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. గొర్రెలు, మేకలకు వచ్చే పారుడు రోగం మాత్రం ముసర వైరస్‌కు దగ్గరి చుట్టం. దానికీ ఒకే సీరోటైప్, ఒక టీకాతో ఏళ్ల తరబడి రక్షణ. దాన్ని కూడా 2030 నాటికి ప్రపంచం నుంచి తొలగించాలన్న లక్ష్యం ఉంది. వైరస్ స్వభావాన్ని చూస్తే ఈ రెండింటిలో పారుడు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

టీకా ఎన్ని పశువులకు వేస్తే చాలునన్న లెక్క విద్యార్థులను భయపెడుతుంది, నిజానికి అది సులువే. జబ్బుపడ్డ ఒక పశువు సగటున నాలుగింటికి అంటిస్తుందనుకుందాం. ఆ నాలుగింటిలో మూడు ముందే రక్షణతో ఉంటే, ఒకటి ఒకదానికే అంటిస్తుంది, రోగం పెరగదు. అంటే మందలో 75 శాతం నిజంగా రక్షణ పొంది ఉండాలి. అయితే టీకా వేసిన వందలో 85 పశువులకే రక్షణ పుడుతుందనుకుంటే, 88 శాతానికి పైగా పశువులకు సూది పడాలి. రిజిస్టరులో 90 శాతం అని రాసి, అందులో కొన్ని మేతకు వెళ్లి తప్పిపోయినవి, కొన్ని సూది చూసి పారిపోయినవి ఉంటే లెక్క అక్కడే కూలిపోతుంది. చెవికి వేసే పన్నెండంకెల పోగు ఈ లెక్కను నిజాయితీగా ఉంచడానికే.

సూది పడిందంటే రక్షణ వచ్చినట్టు కాదని మరో పాఠం చెబుతుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే వరంగల్ ఎండలో మోటారు సైకిల్ మీద ఊరూరా తిరిగే సిబ్బందికి ఆ ఐసుపెట్టె ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. కానీ గాలికుంటు టీకాను గడ్డకట్టించినా పాడవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు, ఐసుముక్కల నడుమ నేరుగా పెట్టకూడదు. పారుడు టీకాను ద్రావణంలో కలిపాక గంటల వ్యవధిలోనే వాడేయాలి. దూడలకు గాలికుంటు టీకా నాలుగు నెలల వయసు నుంచి వేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. తల్లి జున్నుపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు అంతకుముందు టీకాను పనిచేయనివ్వవు. రైతు అడిగే “ఇప్పుడే ఎందుకు వేయరు?” అన్న ప్రశ్నకు జవాబు రోగనిరోధకశాస్త్రంలో ఉంది, విద్యార్థి దాన్ని రైతు మాటల్లో చెప్పగలగాలి.

పరీక్షల ఫలితాలను నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రుసెల్లోసిస్‌కు తరగతి గది ఉదాహరణ ఒకటి తీసుకుందాం. వెయ్యి పశువుల్లో 20 మాత్రమే రోగంతో ఉన్నాయి. పరీక్ష రోగమున్నవాటిలో 95 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాటిలో 95 శాతాన్ని లేవనే చెబుతుంది. చాలా మంచి పరీక్ష అనిపిస్తుంది. అది 20లో 19ని పట్టుకుంటుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న 980లో 49ని తప్పుగా రోగగ్రస్తమని చూపిస్తుంది. మొత్తం 68 పాజిటివ్‌లలో నిజమైనవి 19 మాత్రమే. ఆ ఒక్క పరీక్ష ఆధారంగా ఒక రైతు పాడిబర్రెను మందలో నుంచి తీసేయమని చెప్పేముందు మరో పరీక్షతో నిర్ధారించుకోవడం శాస్త్రమూ, ధర్మమూ. అదే విధంగా ఒక పెద్ద మందలో అయిదు శాతం పశువులకు రోగం ఉందనుకుంటే, కనీసం ఒకదాన్నైనా పట్టుకుంటామని 95 శాతం నమ్మకంతో చెప్పడానికి 59 నమూనాలు కావాలి. అయిదారు నమూనాలు తీసి “రోగం లేదు” అనడం చెల్లదు.

పశువుల కదలిక గురించి పుస్తకాల్లో ఒక అధ్యాయమే ఉంటుంది, మన జిల్లాల్లో అది జీవితం. వారపు అంగడిలో కొన్న మేక మర్నాడు కొత్త మందలో ఉంటుంది. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలకు, రెండేళ్లకోసారి మేడారానికి జీవాలు, కోళ్లు దూరదూరాల నుంచి తరలివస్తాయి. ఎండాకాలంలో గొల్లకురుమల మందలు మేత వెతుక్కుంటూ గోదావరి ఒడ్డు దాకా వలస వెళ్తాయి. 2019 పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 2017 జూన్‌లో ప్రభుత్వం సబ్సిడీ మీద ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం ప్రారంభించింది. ఆ జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. ప్రయాణపు అలసటతో నీరసించిన గొర్రెలో దాగి ఉన్న రోగం బయటపడుతుంది, కొత్త నేలలోని రోగం దానికి అంటుతుంది. కొత్తగా తెచ్చిన జీవాలను రెండు మూడు వారాలు విడిగా ఉంచి, నట్టల మందు తాగించి, టీకాలు వేసి, ఆ తరువాతే పాత మందలో కలపాలన్న సూత్రం పాతదే. చిన్న దొడ్డి ఉన్న కాపరి ఆ విడి చోటు ఎక్కడ చూపాలో ఆలోచించి చెప్పడం మాత్రం ప్రతిసారీ కొత్త పనే.

అనుమానం వచ్చినప్పుడు దాచకుండా చెప్పడం 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం యజమాని బాధ్యత. గ్రామాధికారికో, పంచాయతీకో తెలియజేస్తే అది పశువైద్యుడికి చేరాలి. చెబితే మంద అమ్ముడుపోదన్న భయం ఉన్నచోట చట్టం ఒక్కటే పనిచేయదు, పశువైద్యుడి మీద నమ్మకం కూడా కావాలి.

నా దృష్టిలో ఈ చదువుకు చేయవలసిన ఒక మార్పు ఉంది. ఇంటర్న్‌షిప్ విద్యార్థికి ఒక ఊరిని ఏడాది పొడుగునా అప్పగించాలి. ఆ ఊరి మందలు ఏ నెలలో ఎక్కడ మేస్తాయి, ఏ చెలకలో ఎప్పుడు పశువులు చనిపోయాయి, ఏ టీకా ఎప్పుడు పడింది, ఏది తప్పింది అన్నది ఆ విద్యార్థే రాయాలి. వార్డులో వంద కేసులు చూసినవారికి కూడా అర్థం కాని విషయం, ఒకే మందను తొలకరికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి చూసినవారికి అర్థమవుతుంది.

మళ్లీ ఆ దొడ్డి దగ్గరికి వద్దాం. గాజుపలక మండల పశువైద్యశాలకు చేరింది, సూక్ష్మదర్శిని కింద గులాబీ పొర ఎక్కడా కనిపించలేదు. తెల్లవారుజామున చనిపోయిన గొర్రెను ఎంచుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ఎండ ముదరకముందే కోశారు. మూత్రపిండాలు మెత్తగా ఉన్నాయి, గుండె చుట్టూ సంచిలో గడ్డిరంగు నీరు చేరింది, మూత్రంలో చక్కెర ఉంది. పేగు ద్రవం సీసా ఐసుపెట్టెలోకి వెళ్లింది. విద్యార్థిని కాపరికి రెండు తేదీలు రాసిచ్చింది: ఒకటి ఆ రోజు టీకా వేసిన తేదీ, రెండోది మూడు వారాల తరువాత మళ్లీ మందను దొడ్డిలోనే ఆపి ఉంచవలసిన పొద్దు. రెండు తేదీల మధ్య మందను చెరువు కట్ట కింది లేత పచ్చికలోకి ఎన్ని గంటలకు తోలాలో, ఎన్ని గంటలకు మళ్లించాలో కూడా కాగితం వెనకవైపు రాసింది.